చెరిపిన ఫైలు దొరికింది సరే, ఎక్కడ దొరికింది?

కంప్యూటర్లలో చెరిపేసిన ఫైళ్లను నేర పరిశోధనలో తిరిగి ఎలా తీస్తారో గత సంచికలో క్లుప్తంగా రాశాను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి నలుగురైదుగురు అడిగినచోట కలిపేశాను. కొందరు తమ సొంత ఇబ్బందులు రాశారు కాబట్టి ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: షిఫ్ట్ నొక్కి డిలీట్ కొడితే ఫైలు రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు కదా. మరి ఫోరెన్సిక్ వాళ్లకు ఎలా దొరుకుతుంది?

నాలుగు జీబీల వీడియోను కాపీ చేయడానికి నిమిషాలు పడుతుంది, అదే వీడియో డిలీట్ అవడానికి రెప్పపాటు చాలు. ఎప్పుడైనా గమనించారా? అంత డేటానూ నిజంగా తుడవాలంటే దాదాపు రాసినంత సేపూ పట్టాలి. కంప్యూటర్ ఆ పని చేయదు. ఈ జాగా ఇక ఖాళీ, ఎవరైనా వాడుకోవచ్చు అని రాసుకుని ఊరుకుంటుంది. సామాను లోపల ఉండగానే గుమ్మానికి టు-లెట్ బోర్డు తగిలించినట్టు. కొత్తవాళ్లు దిగేదాకా పాత సామాను ఎక్కడిదక్కడే ఉంటుంది.

దీన్ని దగ్గర నుంచి చూద్దాం. పెన్ డ్రైవ్‌లలో ఎక్కువగా కనిపించే ఫ్యాట్32 పద్ధతిలో ప్రతి ఫైలుకూ 32 బైట్ల చిన్న నమోదు ఒకటి ఉంటుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో 'రవి' అని పేరు పెట్టిన ఫైలు ఉందనుకోండి, ఆ నమోదు మొదట్లో 52 41 56 49 అని నాలుగు అంకెలు కనిపిస్తాయి, అవి ఆర్, ఎ, వి, ఐ అక్షరాల కోడ్‌లు. ఇవి హెక్స్ అంకెలు, వీటిలో 0 నుంచి 9తో పాటు ఇంగ్లిష్ ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా అంకెలే. ఫైలు డిలీట్ చేసి మళ్లీ చూడండి: ఈ5 41 56 49. ఒక్క మొదటి అక్షరం మారింది. ఫైలు సైజు అలాగే ఉంటుంది, తేదీలు అలాగే ఉంటాయి, ఎక్కడ మొదలవుతుందో చెప్పే నెంబరు కూడా చాలావరకు ఉంటుంది. పోయేది ఒకటుంది, అదే ముఖ్యం: ఫైలు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే గొలుసు. ఆ గొలుసు సున్నాలైపోతుంది. ఫైలంతా ఒకేచోట వరసగా ఉంటే ఇబ్బంది లేదు, ముక్కలై నాలుగు చోట్ల ఉంటే మాత్రం కష్టపడాలి.

విండోస్ కంప్యూటర్లలో సాధారణంగా ఉండేది ఎన్‌టీఎఫ్ఎస్ అనే పద్ధతి. అక్కడ ప్రతి ఫైలుకూ 1024 బైట్ల రికార్డు ఒకటి ఉంటుంది, అన్ని రికార్డులూ కలిసి ఉండే పట్టికను ఎంఎఫ్‌టీ అంటారు. డిలీట్ చేస్తే ఆ రికార్డులో 'వాడుకలో ఉంది' అన్న గుర్తు పోతుంది, ఫైలు ముక్కల చిరునామాలు మాత్రం రికార్డులోనే ఉండిపోతాయి. అందుకే ఫ్యాట్ కన్నా ఎన్‌టీఎఫ్ఎస్‌లో రికవరీ తేలిక. ఇంకో విశేషం, సుమారు 700 బైట్ల లోపు చిన్న ఫైలైతే దాని సరుకంతా ఆ రికార్డులోనే ఇమిడిపోతుంది. నాలుగు లైన్ల నోట్ రాసి చెరిపేస్తే, ఆ రికార్డును వేరే ఫైలుకి ఇచ్చేదాకా ఆ నాలుగు లైన్లూ అక్కడే ఉంటాయి.

లినక్స్‌లో వాడే ఎక్స్‌టీ4 పద్ధతి ఇలా కాదు. చెరిపేటప్పుడు చిరునామాలు కూడా తుడిచేస్తుంది. అక్కడ జర్నల్‌లో, అంటే మార్పులు రాసుకునే చిట్టాలో, మిగిలిన పాత కాపీల మీద ఆధారపడాల్సి వస్తుంది, చాలాసార్లు ఏమీ దొరకదు కూడా.

ప్రశ్న: పెన్ డ్రైవ్‌లో ఉన్న నా థీసిస్ మొత్తం పొరపాటున డిలీట్ చేసేశాను. ఇంటర్నెట్‌లో ఒక రికవరీ సాఫ్ట్‌వేర్ దొరికింది, ఇన్‌స్టాల్ చేయమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

ముందు ఆ పెన్ డ్రైవ్ తీసి పక్కన పెట్టేయండి. ఇది చదువుతుండగానే తీసేయండి. దాని మీద ఇంకేమీ రాయకపోతే మీ థీసిస్ తిరిగి వచ్చే అవకాశం చాలా బాగుంది. చాలామంది ఫైళ్లు పోగొట్టుకునేది డిలీట్ కొట్టినప్పుడు కాదు, ఆ తర్వాతి గంటలో కంగారుపడి చేసే పనుల్లో. పోయిన ఫైలు ఉన్న డ్రైవ్ మీదే రికవరీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తారు, దొరికిన ఫైళ్లను మళ్లీ అదే డ్రైవ్‌లో సేవ్ చేస్తారు. మొదటి ఫైలు వచ్చిందని సంతోషిస్తుండగానే అది పదో ఫైలు మీద కూర్చుంటుంది.

సాఫ్ట్‌వేర్ వేరే డిస్క్ మీద పెట్టుకోండి. కుదిరితే ముందు పెన్ డ్రైవ్ మొత్తానికి ఇమేజ్ తీసుకోండి, అంటే ఫైళ్లను మాత్రమే కాపీ చేయడం కాదు, ఖాళీ అని చెబుతున్న జాగాతో సహా మొదటి బైట్ నుంచి చివరి బైట్ దాకా ఉన్నదున్నట్టు ఒకే పెద్ద ఫైలుగా తీసుకోవడం. తర్వాత ఏ ప్రయోగం చేసినా ఆ ఇమేజ్ మీదే చేయండి, చెడిపోతే అదే చెడుతుంది. ఫోటోరెక్, టెస్ట్‌డిస్క్ రెండూ ఉచితం, చాలాకాలంగా నమ్మకంగా పనిచేస్తున్నవి. ఫోటోరెక్ పేరు చూసి ఫొటోలకే అనుకోవద్దు, వర్డ్, పీడీఎఫ్ కూడా తీస్తుంది.

ఒకటి గుర్తుంచుకోండి. ఫోటోరెక్‌తో వచ్చిన ఫైళ్లకు మీరు పెట్టిన పేర్లు ఉండవు, ఫోల్డర్లూ ఉండవు. వందల ఫైళ్లు నెంబర్లతో వచ్చి పడతాయి, వాటిలోంచి మీ అధ్యాయాలు ఏరుకోవాలి. ఎందుకో తర్వాతి జవాబులో చెబుతాను.

ప్రశ్న: లా చదువుతున్నాను. చెరిపేసిన ఫైలు దొరికిందని నిపుణుడు కోర్టులో చెబితే, అది ఆయనే అందులో పెట్టలేదని ఏమిటి నమ్మకం? డిఫెన్స్ వైపు ఏం అడగాలి?

వచ్చిన ప్రశ్నలన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మీరు అడిగిన దాంట్లో రెండు సంగతులున్నాయి. మొదటిది, డిస్క్ మారలేదని చూపించడం. దీనికి పద్ధతి స్థిరపడిపోయింది. డిస్క్‌ను నేరుగా కంప్యూటర్‌కు తగిలించరు, మధ్యలో రైట్ బ్లాకర్ అనే పరికరం ఉంటుంది, చదవనిస్తుంది, రాయనివ్వదు. ఇమేజ్ తీసి, దానికి హ్యాష్ లెక్క కడతారు. షా-256 హ్యాష్ అంటే 64 అక్షరాల వరస, లోపల ఒక్క బిట్ మారినా వరస మొత్తం మారిపోతుంది. తీసుకున్న రోజు హ్యాష్, విచారణ రోజు హ్యాష్ ఒకటే అయితే మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని చెప్పొచ్చు. పాత హ్యాష్ పద్ధతులైన ఎండీ5, షా-1 మాత్రమే రాసి ఉంటే అడగండి. ఒకే ఎండీ5 హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను 2004లోనే చేసి చూపించారు, షా-1కు 2017లో చూపించారు. ఉన్న డిస్క్‌కు సరిపడా నకిలీ తయారు చేయడం ఇప్పటికీ ఎవరివల్లా కాలేదు, కానీ షా-256 ఉండగా పాతవాటితో సరిపెట్టుకోవడం ఎందుకు?

రైట్ బ్లాకర్ సంగతి ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో సాధన కోసం తెచ్చుకున్న డిస్క్ ఒకటి నేరుగా నా విండోస్ కంప్యూటర్‌కు తగిలించాను. ఒక్క ఫైలు కూడా తెరవలేదు. అయినా తీసి చూస్తే హ్యాష్ మారిపోయింది. విండోస్ తనంతట తాను అందులో 'సిస్టం వాల్యూమ్ ఇన్ఫర్మేషన్' అనే ఫోల్డర్ తయారు చేసింది. అది నిజం కేసు డిస్క్ అయ్యుంటే అనుకుని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండో సంగతి, చాలామంది లాయర్లు అడగనిది: ఫైలు సరిగ్గా ఎక్కడ దొరికింది? దొరికిన చోటును బట్టి దాని గురించి ఎంత చెప్పొచ్చో తేలుతుంది. ఎంఎఫ్‌టీ రికార్డుతో సహా దొరికితే పేరు, ఫోల్డర్, తయారైన తేదీ, చివరిసారి మార్చిన తేదీ చెప్పొచ్చు. రీసైకిల్ బిన్ ద్వారా వెళ్లిన ఫైలైతే ఇంకా మంచిది, ఎందుకంటే విస్టా నుంచి విండోస్ బిన్‌లో వేసే ప్రతి ఫైలుకూ డాలర్ ఐ గుర్తుతో మొదలయ్యే చిన్న ఫైలు ఒకటి తయారు చేస్తుంది, అందులో అసలు ఫైలు ఎక్కడ ఉండేది, సైజెంత, ఏ క్షణాన డిలీట్ చేశారు అన్నీ ఉంటాయి. బిన్ ఖాళీ చేసినా ఈ చిన్న ఫైలు ఇందాక చెప్పిన 700 బైట్ల లెక్కలోకి వచ్చి రికార్డులో మిగిలిపోయే అవకాశం ఉంది.

కానీ కార్వింగ్ ద్వారా దొరికితే? కార్వింగ్ అంటే ఏ పట్టికనూ పట్టించుకోకుండా డిస్క్ మొత్తం చదువుకుంటూ పోయి ఫైలు ఆకారాన్ని బట్టి గుర్తుపట్టడం. ఫోటోరెక్ చేసేదీ ఇదే. జేపెగ్ ఫొటో అయితే ఎఫ్ఎఫ్ డి8 ఎఫ్ఎఫ్ అని మొదలై ఎఫ్ఎఫ్ డి9తో ముగుస్తుంది, ఆ రెంటికీ మధ్య ఉన్నది తీసుకుంటారు. ఇప్పటి వర్డ్ డాక్యుమెంట్ (డాక్ఎక్స్) నిజానికి జిప్ ఫైలే, అందుకని పి, కె అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. ఇలా తీసిన ఫొటో అసలైనదే, కానీ దానికి పేరు లేదు, ఫోల్డర్ లేదు, ఈ డిస్క్ మీదకు ఎప్పుడు వచ్చిందో తెలియదు. కెమెరా రాసిన తేదీ ఫొటో లోపల ఉంటే అది తీసిన తేదీ మాత్రమే. ఇంకా ముఖ్యం, అది ఏదో వెబ్ పేజీ తెరిచినప్పుడు బ్రౌజర్ దానంతట అది దాచుకున్న బొమ్మ కావచ్చు, మనిషి కావాలని సేవ్ చేసుకున్నది కాకపోవచ్చు. డిస్క్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే పాత యజమానిది కూడా కావచ్చు. గార్‌ఫింకెల్, షెలాట్ అనే ఇద్దరు పరిశోధకులు 158 వాడిన హార్డ్ డిస్క్‌లు కొని చూసి 2003లో ఫలితాలు ప్రచురించారు, చదవగలిగిన 129 డిస్క్‌లలో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. అంటే మీ క్లయింట్ డిస్క్‌లో వేరేవాళ్ల గతం ఉండటం వింతేమీ కాదు.

ముక్కలైన ఫైళ్లను కార్వ్ చేసినప్పుడు ఇంకో ప్రమాదం, ఒక ఫైలు తల ఇంకో ఫైలు మొండేనికి అతుక్కుని రావచ్చు. ఫొటో అయితే సగం నుంచి రంగులు చెదిరి కంటికే తెలిసిపోతుంది. లెక్కల పట్టికో, మామూలు టెక్స్టో అయితే అంత తేలిగ్గా తెలియదు.

కాబట్టి అడగాల్సింది ఇదీ: డిస్క్‌లో ఏ సెక్టార్‌లో, అంటే ఏ చిన్న గడిలో దొరికింది, ఆ సెక్టార్ అప్పటికి ఏ ఫైలుకైనా కేటాయించి ఉందా, ఖాళీనా, ఆ ఫైలును ఈ మనిషి తెరిచాడనడానికి ఇంకెక్కడైనా జాడ ఉందా? షార్ట్‌కట్ ఫైళ్లు, ఈమధ్య తెరిచిన ఫైళ్లు చూపించే జంప్ లిస్టులు, బొమ్మల చిన్న నమూనాలు దాచే థంబ్‌నెయిల్ క్యాష్ లాంటివి చూశారా? చూడలేదంటే పని సగంలో ఆపేసినట్టే. నిజాయితీ ఉన్న నిపుణుడు ఈ ప్రశ్నలకు చిరాకుపడడు, తన రిపోర్టులో ముందే రాసి ఉంచుతాడు.

ప్రశ్న: ఎస్ఎస్‌డీ నుంచి కూడా ఇలాగే తీయొచ్చా? ఒకరు తీయొచ్చంటారు, ఒకరు అసలు కాదంటారు.

ఇద్దరూ కొంతకొంత నిజం చెబుతున్నారు. ఎస్ఎస్‌డీ అంటే తిరిగే ప్లేట్లు లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్. అందులో పాత డేటా మీద నేరుగా కొత్తది రాయడం కుదరదు, ముందు బ్లాక్ మొత్తాన్ని చెరపాలి, ఆ చెరపడం నెమ్మది పని. అందుకని ఏది పనికిరానిదో ముందే తెలిస్తే డ్రైవ్ ఖాళీగా ఉన్నప్పుడు చెరిపి పెట్టుకుంటుంది. ఆ సమాచారం ఇచ్చే ఆదేశమే ట్రిమ్. విండోస్ 7 వచ్చిన 2009 నుంచి మీరు ఫైలు డిలీట్ చేయగానే విండోస్ డ్రైవ్‌కు ట్రిమ్ పంపుతుంది. ఆ తర్వాత ఆ జాగాను చదవమంటే చాలా డ్రైవ్‌లు సున్నాలే తిరిగిస్తాయి. లోపలి చిప్‌లో పాత డేటా ఇంకాసేపు ఉండొచ్చు, కానీ మామూలు దారిలో అడిగితే ఇవ్వదు.

ఫోరెన్సిక్ వాళ్లకు దీనివల్ల వచ్చిన ఇబ్బంది ఇంకా లోతైంది. రైట్ బ్లాకర్ బయట నుంచి వచ్చే రాతను ఆపుతుంది, డ్రైవ్ లోపలి కంట్రోలర్ తనంతట తాను చేసే శుభ్రతను ఆపలేదు. కరెంటు ఇస్తే చాలు, అది తన పని తాను చేసుకుంటూ పోతుంది. ఆస్ట్రేలియాలోని మర్డాక్ యూనివర్సిటీ నుంచి బెల్, బాడింగ్టన్ 2010లో ఇదే ప్రయోగం చేసి చూపించారు, క్విక్ ఫార్మాట్ చేసిన ఎస్ఎస్‌డీ కొద్ది నిమిషాల్లోనే తన పాత డేటాను తానే తుడిచేసుకుంది. ఉదయం ఒక హ్యాష్, సాయంత్రం ఇంకో హ్యాష్ రావచ్చు, మధ్యలో ఎవరూ ముట్టుకోకపోయినా. ఇది తెలియని కోర్టులో నిజాయితీగా పనిచేసిన మనిషి దోషిలా నిలబడాల్సి వస్తుంది, అందుకే ఎస్ఎస్‌డీ అని తెలియగానే ఆ మాట రిపోర్టు మొదట్లోనే రాయాలి.

అలాగని ఏమీ దొరకదనుకోకండి. ట్రిమ్ తుడిచేది ఫైలు ఉన్న జాగాను. ఎంఎఫ్‌టీ పట్టిక వాడుకలోనే ఉంటుంది కాబట్టి దాన్ని ట్రిమ్ ముట్టుకోదు. అంటే ఫైలు పోయినా దాని పేరు, తేదీలు, సైజు మిగలొచ్చు, చిన్న ఫైలైతే లోపలి సరుకుతో సహా మిగలొచ్చు. ఒక్కోసారి కేసుకు ఫలానా పేరుతో ఫైలు ఉండేది, ఫలానా రోజు పోయింది అన్నది తేలితే చాలు.

మీ సొంత ఫైళ్ల సంగతైతే మాత్రం, ల్యాప్‌టాప్ లోపల ఎస్ఎస్‌డీ ఉంటే రికవరీ మీద ఆశ పెట్టుకోవద్దు. బ్యాకప్ పెట్టుకోండి.

ప్రశ్న: డేటాను 35 సార్లు తుడిస్తే గానీ పోదంటారు, నిజమేనా?

కాదు. 1996లో పీటర్ గుట్‌మన్ రాసిన పేపర్ నుంచి పుట్టిన మాట అది. అప్పటి రకరకాల డిస్క్‌లన్నిటికీ కలిపి ఆయన ఆ 35 సార్ల లెక్క వేశారు. ఇప్పటి డిస్క్‌లకు అది అనవసరమని తర్వాత ఆయనే రాశారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ మార్గదర్శకాలు కూడా మామూలు హార్డ్ డిస్క్‌కు మొత్తం ఒక్కసారి సున్నాలు రాస్తే సరిపోతుందనే చెబుతున్నాయి. ఎస్ఎస్‌డీకి అలా పైనుంచి రాయడం నమ్మదగ్గ పద్ధతి కాదు, డ్రైవ్ సొంత సెక్యూర్ ఎరేజ్ ఆదేశం వాడాలి, లేదా మొదటి నుంచీ ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టుకుని చివర్లో కీని నాశనం చేయాలి.

ప్రశ్న: తుడిచేసే సాఫ్ట్‌వేర్ వాడిన మనిషిని ఎలా పట్టుకుంటారు మరి?

ఫైలు పోతుంది, తుడిచిన జాడ మిగులుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఎస్‌డిలీట్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, పని బాగా చేస్తుంది. ఫైలు పేరు కూడా మిగలకూడదని అది పేరును 26 సార్లు మారుస్తుంది, పేరులోని ప్రతి అక్షరాన్నీ ముందు ఎ చేస్తుంది, తర్వాత బి, అలా జెడ్ దాకా. కానీ ఎన్‌టీఎఫ్ఎస్‌లో యూఎస్ఎన్ జర్నల్ అని ఒక చిట్టా ఉంది, ఏ ఫైలు పేరు ఎప్పుడు మారిందో వరసగా రాసుకుంటుంది. ఆ చిట్టా తెరిస్తే ఒకే సెకనులో ఒక ఫైలు పేరు అన్నీ ఎ-లు, అన్నీ బి-లు, అన్నీ సి-లు అవుతూ జెడ్ దాకా మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఆ మెట్ల పైన, మొదటి మార్పుకి ముందు, అసలు పేరు ఉంటుంది.

అయితే తుడిచిన జాడ ఉంది కాబట్టి నేరం చేశాడని అనకూడదు. పాత కంప్యూటర్ అమ్మే ముందు తుడవడం మంచి అలవాటే. ఏ సమయంలో తుడిచాడు, ఏం తుడిచాడు, అప్పటికి నోటీసు అందిందా అన్నవి వేరే ప్రశ్నలు, వాటికి జవాబు డిస్క్‌లో మాత్రమే ఉండదు.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ అమెరికాలోని విచిటా ప్రాంతంలో 1974 నుంచి 1991 దాకా పదిమందిని చంపిన డెనిస్ రేడర్ కేసు. 2005 ఫిబ్రవరిలో అతను ఒక టీవీ స్టేషన్‌కు ఫ్లాపీ డిస్క్ పంపాడు. అందులో పైకి కనిపించే ఫైలు వల్ల ఏమీ తేలలేదు. కానీ అదే ఫ్లాపీలో అంతకుముందు డిలీట్ చేసిన వర్డ్ డాక్యుమెంట్ ఒకటి దొరికింది, దాని లోపల ఒక చర్చి పేరు, చివరిసారి మార్చిన వ్యక్తిగా 'డెనిస్' అనే పేరు ఉన్నాయి. ఆ చర్చి పాలకమండలి అధ్యక్షుడు డెనిస్ రేడరే. అంతమాత్రాన పోలీసులు వెళ్లి పట్టుకోలేదు చూడండి, డీఎన్ఏ పరీక్షతో సరిచూసుకున్నాకే ఆ నెల 25న అరెస్టు చేశారు. చెరిపిన ఫైలు దారి చూపించింది, రుజువు ఇంకోచోట నుంచి వచ్చింది.

ప్రశ్న: మా ఆఫీసులో మానేసిన ఉద్యోగి ఫైళ్లు పట్టుకుపోయాడని అనుమానం. అప్పటికే మా ఐటీ వాళ్లు అతని ల్యాప్‌టాప్ ఆన్ చేసి చూసి, విండోస్ మళ్లీ వేసి వేరేవాళ్లకు ఇచ్చేశారు. ఇంకేమైనా ఆశ ఉందా?

ఆ ల్యాప్‌టాప్‌లో చాలా తక్కువ. మామూలు హార్డ్ డిస్క్ అయితే కొత్త విండోస్ ఆక్రమించని జాగాలో కార్వింగ్‌తో కొంత దొరకొచ్చు, ఎస్ఎస్‌డీ అయితే ఆ కొంచెం కూడా అనుమానమే. విస్టా నుంచి విండోస్‌లో క్విక్ కాకుండా పూర్తి ఫార్మాట్ చేస్తే డిస్క్ నిండా సున్నాలే రాస్తుంది, ఏది చేశారో వాళ్లను అడగండి.

అయితే ఆ ఒక్క యంత్రమే చూడకండి. మెయిల్ సర్వర్, ఫైల్ సర్వర్ లాగ్‌లు, రాత్రిపూట బ్యాకప్‌లు, క్లౌడ్ ఖాతాలు ఉన్నాయి కదా. 1986లో అమెరికా వైట్‌హౌస్‌లో ఇరాన్-కాంట్రా వ్యవహారం (ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మి ఆ డబ్బు నికరాగ్వా తిరుగుబాటుదారులకు మళ్లించిన సంగతి) బయటపడుతున్నప్పుడు జాతీయ భద్రతా అధికారులు ఆలివర్ నార్త్, జాన్ పాయిన్‌డెక్స్టర్ తమ కంప్యూటర్ సందేశాలు చెరిపేశారు, బ్యాకప్ టేపుల్లో కాపీలున్నాయి, దర్యాప్తు వాళ్లకు అవే దొరికాయి. ఇప్పుడు చేయాల్సిన తొందర పని ఒకటే, మీ బ్యాకప్‌లు పాతవి పోయి కొత్తవి పడే చక్రంలో ఉంటే ఆ చక్రాన్ని ఈరోజే ఆపండి. ఇకమీదట ఎవరైనా గొడవపడి మానేస్తే ల్యాప్‌టాప్ ఆన్ చేయకుండా కవర్లో పెట్టి, తేదీ వేసి, సంతకం చేసి బీరువాలో పెట్టండి. ఊరికే ఆన్ చేస్తే చాలు, విండోస్ బోలెడన్ని ఫైళ్లను మార్చేస్తుంది.

ప్రశ్న: వాట్సాప్‌లో డిలీట్ చేసిన మెసేజ్‌లు వస్తాయా?

ఫోన్‌లోని చాలా యాప్‌లు తమ సమాచారాన్ని ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పెడతాయి, వాట్సాప్ కూడా అంతే. అందులో ఒక వరసను చెరిపితే దాని మొదటి నాలుగు బైట్ల మీద 'ఇక్కడ ఖాళీ ఉంది, ఇంత ఉంది' అని రాస్తుంది, మిగతా మెసేజ్ కొత్తది వచ్చి పడేదాకా అక్కడే ఉండొచ్చు. ఆ జాగాను కూడా తుడిచేలా యాప్‌ను రాసి ఉంటే ఉండదు. డేటాబేస్ పక్కనే వాల్ అనే ఇంకో ఫైలు ఉంటుంది, కొత్త మార్పులు ముందు అందులోకి వెళ్తాయి. కొత్తగా ఈ పని చేసేవాళ్లకు ఒక హెచ్చరిక: వాల్ ఫైలును కాపీ చేసుకోకుండా డేటాబేస్‌ను మామూలు వ్యూయర్‌లో తెరిస్తే ఆ మార్పులన్నీ కలిసిపోయి, అప్పటిదాకా ఉన్న పాత స్థితి పోతుంది. ఎప్పుడూ కాపీ మీదే పనిచేయండి.

అయితే ఇదంతా ఆ డేటాబేస్ చేతికి అందితేనే. ఇప్పటి ఫోన్లలో అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, లాక్ తెరవకుండా లోపలికి దారి దాదాపు లేదు. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే కీలు పోతాయి, డేటా చిప్‌లో ఉన్నా పనికిరాని చెత్తే. మీ సొంత మెసేజ్‌లే కావాలంటే ముందు పాత బ్యాకప్ చూడండి. లేదా అవతలి మనిషిని అడగండి, వాళ్ల ఫోన్‌లో ఉండొచ్చు.

ప్రశ్న: నా భర్త ల్యాప్‌టాప్‌లో డిలీట్ చేసిన చాట్‌లు ఆయనకు తెలియకుండా తీయాలి. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

మీ ఉత్తరం మొత్తం చదివాను, మీరు పడుతున్న బాధ అర్థమైంది. అయినా ఈ విషయంలో దారి చెప్పలేను. ఇంకొకరి యంత్రాన్ని వాళ్ల అనుమతి లేకుండా తెరవడం మిమ్మల్నే చిక్కుల్లో పడేయొచ్చు, పైగా మీరు ముట్టుకున్న డిస్క్ నుంచి రేపు నిజంగా ఏదైనా దొరికినా అది మీరే పెట్టారనే అవకాశం అవతలివాళ్లకు ఇచ్చినట్టవుతుంది. ముందు ఒక లాయర్‌తో మాట్లాడండి. మీ ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లు, మెయిళ్లు ఏమైనా ఉంటే ఒక్కటి కూడా చెరపకుండా ఉంచండి, అవి మీవే, వాటిని చూపించే హక్కు మీకుంది.

ప్రశ్న: హార్డ్ డిస్క్ కింద పడింది. టిక్కు టిక్కుమంటోంది. సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించమంటారా?

వద్దు, వెంటనే కరెంటు తీసేయండి. ఆ శబ్దం చాలాసార్లు చదివే హెడ్ దెబ్బతిన్నదని అర్థం, తిరిగినకొద్దీ ప్లేటును గీకేస్తుంది. ధూళి లేని గదిలో విప్పి చేసేవాళ్లకే ఇవ్వండి.

ఆశ వదులుకోవద్దు కూడా. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక ఆకాశంలో ముక్కలైనప్పుడు నేలమీద పడిన శిథిలాల్లో 400 ఎంబీ హార్డ్ డిస్క్ ఒకటి దొరికింది. కాలిపోయి, మట్టి చేరి, చూస్తే ఇనుప ముద్దలా ఉంది. దానిలోంచి సుమారు 99 శాతం డేటా తీశారు, ఆ ప్రయోగం ఫలితాలు 2008లో ప్రచురించారు. ప్లేట్లు వంగిపోకపోవడం ఒక అదృష్టమైతే, ఆ కంప్యూటర్ పాత డాస్ ఆపరేటింగ్ సిస్టంతో నడవడం ఇంకో అదృష్టం, డాస్ డేటాను డిస్క్ నిండా చెల్లాచెదురుగా రాయదు. నిప్పులో పడిన డిస్క్ నుంచి డేటా వచ్చింది, మీద సున్నాలు రాసిన డిస్క్ నుంచి రాదు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. ఈ విద్య నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్రయన్ క్యారియర్ తయారు చేసిన స్లూత్ కిట్, దాని మీద నడిచే ఆటాప్సీ ఉచితంగా దొరుకుతాయి, ఫైల్ సిస్టంలు అర్థం చేసుకోవడానికి అంతకన్నా మంచి మొదలు లేదు. కానీ వాటికన్నా ముందు ఒక పని చేయండి. పనికిరాని పాత పెన్ డ్రైవ్ తీసుకుని, పూర్తి ఫార్మాట్‌తో ఫ్యాట్32 చేయండి. ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో చిన్న పేరు పెట్టి మూడు ఫొటోలు వేయండి. బైట్లను అంకెలుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో డ్రైవ్ తెరిచి ఆ మూడు పేర్లూ ఎక్కడున్నాయో వెతకండి, దొరికేదాకా వెతకండి, ఒక పూట పట్టినా సరే. తర్వాత ఒకటి డిలీట్ చేసి, డ్రైవ్ తీసి మళ్లీ పెట్టి అదే చోటుకు వెళ్లండి. ఈ5 కనిపిస్తుంది. అక్కడే ఉన్న మొదటి క్లస్టర్ నెంబరు (ఫైలు ఎక్కడ మొదలవుతుందో చెప్పేది) పట్టుకుని, సాఫ్ట్‌వేర్ సాయం లేకుండా, ఫొటో మొదలైన చోటికి చేత్తో లెక్క కట్టుకుని వెళ్లండి. ఎఫ్ఎఫ్ డి8 ఎఫ్ఎఫ్ కనిపించిందంటే సరిగ్గా చేరుకున్నారు. చేరలేకపోతే మీ లెక్క కాగితం ఫొటో తీసి పంపండి, ఎక్కడ తప్పిందో వచ్చే సంచికలో చూద్దాం.